కొస నల్లబడకుండా

ఎవరింటికి వెళ్ళినా నా చూపు ముందు బల్ల కొసల మీద పడుతుంది. మొన్న బల్లార్‌పూర్‌లో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్తే కొత్త భోజనాల బల్ల చూపించారు. అందరూ పైన చెయ్యి వేసి ఎంత నున్నగా ఉందో అని మెచ్చుకుంటుంటే, నేను వంగి పక్కన పలక తెగిన చోట వేలితో రాస్తున్నాను. ఇంటావిడ కంగారుపడి "ఏమన్నా ఒలికిందా?" అంటూ గుడ్డ పట్టుకొచ్చింది. ఏమీ ఒలకలేదు. పైనంతా తేనె రంగులో మెరుస్తున్న ఆ బల్ల కొసల దగ్గర మాత్రం మాడిన రొట్టె అంచులా నల్లగా ఉంది. అది చూడగానే ఒక పాత భయం కదిలింది. ఆ భయం నిజానికి నాది కాదు, మా అత్తమ్మది. ఆమె పోయి ఏడాది దాటింది, అది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అత్తమ్మ అంటే మా బాపుకు అక్క. నాన్నను నేను బాపు అంటాను. తుకుంలో మా ఇంటి ముందుగదే బాపు దుకాణం. తలుపులు, మంచాలు, పీటలు ఆయన చేసేవాడు. వాటికి రంగు వేయడం, పాలిష్ పట్టడం అత్తమ్మ పని. ఆమె మా ఇంటికి ఎప్పుడొచ్చిందో, ఎందుకొచ్చిందో నేనిక్కడ చెప్పబోవడం లేదు. అమ్మ లేని ఇంట్లో నాకు ఊహ తెలిసేసరికే ఆమె ఉంది. కొంగు నడుముకు బిగించి, గుమ్మం దగ్గర వెలుతురులో గొంతుకూర్చుని, ఏదో ఒక చెక్కను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూస్తూ ఉంది. గోళ్ళ సందుల్లో గోధుమ రంగు ఎన్ని కడిగినా పోయేది కాదు. పెళ్ళిళ్ళకు వెళ్తే ఆ చేతులు కొంగు కింద దాచుకుని తిరిగేది.

భయపడటంలో ఆమెను మించినవాళ్ళను నేను చూడలేదు. పాలు పొంగకముందే "పొంగినయ్ పో" అనేది. బస్టాండుకు సగం దూరంలో ఉండగానే "బస్సు ఎల్లిపోయింది" అని తేల్చేసేది. నేను పరీక్షకు బయలుదేరుతుంటే ఎదురొచ్చి, "ఫేల్ అయితే ఏం గాదు బిడ్డా, ఇంటికైతే సక్కగ రా" అని దీవించేది. నాకు ఒళ్ళు మండేది. మిగతావాళ్ళ ఇళ్ళలో పెరుగు, చక్కెర చేతిలో పెట్టి పంపుతారు, మా ఇంట్లో ఇదీ శకునం.

ఆమె భయాలన్నిట్లోకి పెద్దది కొస. పలకను నిలువుగా చీరితే వచ్చే వెడల్పాటి భాగాన్ని మా ఇంట్లో ముఖం అనేవాళ్ళు, అడ్డంగా కోస్తే బయటపడే భాగాన్ని కొస అనేవాళ్ళు. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు పైకి మోసిన సన్నటి గొట్టాలుంటాయి కదా, కొసలో వాటి నోళ్ళన్నీ తెరుచుకుని ఉంటాయి. ముఖానికి పూసిన రంగే కొసకూ పూస్తే అది లోపలికి గుంజేసుకుని నల్లగా తేలుతుంది. చూసేవాళ్ళకు ఒకే చెక్క అనిపించదు, ఎక్కడిదో వేరే ముక్క తెచ్చి అతికించినట్టుంటుంది.

"ముఖం మర్యాదస్తురాలు, ఇచ్చినంతే తీసుకుంటది" అనేది అత్తమ్మ. "కొసకు సిగ్గు లేదు. ఎంత పోస్తె అంత గుంజుతది. దానికి ముందుగాలనే కడుపు నింపాలె."

కడుపు నింపడమంటే, లక్కను స్పిరిట్‌లో బాగా పలుచగా కరిగించి, రంగు కంటే ముందు కొసలకు మాత్రం పట్టించడం. అది ఆరిపోయాక రంగు వేస్తే కొస కూడా ముఖంలాగే కొద్దిగా తీసుకుని ఊరుకుంటుంది. దీన్ని ఆమె ఎంత నమ్మిందంటే మనుషుల మీద కూడా ప్రయోగించింది. పొద్దు వాలకముందే జొన్నరొట్టె, పప్పు కంచంలో పెట్టుకుని బాపు ముందు నిలబడేది. ఆయన పని ఇంకా అయ్యేది కాదు.

"ఇప్పుడేంది అక్కా, పొద్దన్న గూకలేదు."

"తిను తమ్మీ. సల్లారితే బాగుండదు."

బాపు తాగేవాడు, అందుకే ఈ రొట్టె. ఆకలి మీద తాగితే ఎక్కువ తాగుతాడని ఆమె లెక్క. బాపు తాగి ఎవరినీ కొట్టిన మనిషి కాదు, తిట్టిన మనిషి కాదు. తాగితే నవ్వేవాడు, నవ్వుతూనే పడుకునేవాడు. పొద్దున రంపం పట్టుకుంటే మాత్రం చెయ్యి వణికి గీత పక్కకు పోయేది. రొట్టె మంత్రం సగం రోజులు పనిచేసేది, సగం రోజులు రొట్టే వృథా అయ్యేది.

అంతలో జిల్లాలో దారూబందీ వచ్చింది. మందు దుకాణాలన్నీ మూసేశారు. మా గల్లీలో ఆడవాళ్ళు కోవా పేడాలు పంచుకున్నారు, అత్తమ్మ కూడా ఒకటి తిని ఒకటి కొంగుకు కట్టుకొచ్చి నాకు పెట్టింది. ఆ వారమంతా ఆమె ముఖంలో ఉన్న వెలుగు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

తర్వాత, అవతలి గల్లీలో పాలిష్ పనిచేసే ఒకాయన మందు దొరక్క పనికి తెచ్చుకున్న స్పిరిట్‌లోనే నీళ్ళు కలుపుకుని తాగాడు. ప్రాణం దక్కింది, కళ్ళు పోయాయి. అత్తమ్మ చూడటానికి వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. ఆయన మంచంలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేము ఇంకా పలకరించనేలేదు, గాలిలోకి ముక్కు ఎత్తి, "ఎవలు, పాలిష్ అక్కనా?" అన్నాడు. ఆమె చేతుల వాసనను బట్టి గుర్తుపట్టాడు. అత్తమ్మ ఆ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇంటికొచ్చి, మూలన ఉన్న స్పిరిట్ డబ్బా ముందు నేల మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. అన్నం కూడా వండలేదు.

అప్పటినుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. డబ్బా ఆమె ఇనప్పెట్టెలోకి, చీరల కిందికి పోయింది. చీరలన్నీ స్పిరిట్ వాసన కొట్టేవి, గుడికి కట్టుకెళ్ళినా అదే వాసన. డబ్బా లోపల ఎంతవరకు ఉందో బయట పసుపుతో గీత గీసుకునేది. తాళంచెవి మెడలో నల్లపూసల దండలా వేలాడేది. బాపు బయటినుంచి రాగానే మొహం దగ్గర మొహం పెట్టి "ఊదు" అనేది.

"ఏందక్కా, గిది పోలీసోళ్ళ నాకాబందీయా?" అని బాపు నవ్వేవాడు.

"నవ్వినకాడికి చాలు, ఊదు."

ఆయన ఊదేవాడు. అప్పుడప్పుడు ఎక్కడినుంచో, ఎవరో దొంగతనంగా తెచ్చిన మందు వాసన వచ్చేది. ఆశ్చర్యమేమిటంటే ఆ వాసన వచ్చిన రోజు అత్తమ్మ తిడుతూనే ఊపిరి పీల్చుకునేది. ఏ వాసనా రాని రోజే, మందు దొరకనివాడు డబ్బా వైపు చూస్తాడేమోనని ఆమెకు కాలు నిలిచేది కాదు.

వానాకాలంలో రాజురా వైపు ఊరినుంచి ఒక తెలుగు రైతు వచ్చి కూతురి పెళ్ళికి పీటలు చేయమన్నాడు. టేకు పీటలు. బాపు కోసి, చిత్రిక పట్టి ఇచ్చాడు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో కూర్చుని పీట కొసలకు పలుచటి లక్క పట్టిస్తోంది. బయట జోరు వాన. నేను తల తుడుచుకుంటూ నిలబడ్డాను. చూస్తుండగానే, తడిగా మెరుస్తున్న ఆ కొస మీద తెల్లటి పొర లేచింది. పాలు విరిగినట్టు, మబ్బు కమ్మినట్టు తెల్లగా అయిపోయింది.

అత్తమ్మ చేతిలో కుంచె అలాగే ఆగింది. స్పిరిట్‌లో నీళ్ళు కలిస్తే లక్క ఇలాగే తెల్లబడుతుందని నాకూ తెలుసు. డబ్బాలోంచి ఎవరైనా తాగి, పసుపు గీత దాకా నీళ్ళు పోసి పెడితే గీత ఏమీ చెప్పదు, లక్క చెప్పేస్తుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె ఒక్క మాటే అంది.

"మీ బాపు ఏడీ?"

చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి పరుగెత్తింది. నేను వెనకే పరుగెత్తాను. బాపు గల్లీ మొదట్లో చాయ్ హోటల్ రేకుల కింద నిలబడి ఎవరితోనో కబుర్లు చెబుతున్నాడు. అత్తమ్మ నేరుగా వెళ్ళి ఆయన గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. బొటనవేలితో కనురెప్ప కిందికి లాగింది. చుట్టూ ఉన్న మగవాళ్ళు చాయ్ గ్లాసులు పట్టుకుని చూస్తుండిపోయారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, భయంతో ఆ సిగ్గూ నిలవలేదు.

"ఏమైందక్కా? పోరికేమన్నా అయిందా?"

"కండ్లు మంచిగ కనబడుతున్నయా?"

"కనబడుతున్నయ్. ఏమైంది?"

"అబద్ధమాడకు." ఆమె చుట్టూ చూసింది. మా ఇంటి ఎదురుగా ఒక పిండి గిర్ని ఉండేది, దాని రేకు బోర్డు అంత దూరం నుంచి కూడా వానలో మసకగా కనిపిస్తోంది. "గా బోర్డు చదువు."

బాపు ఒక క్షణం ఆమె మొహం చూశాడు. నవ్వబోయిన మనిషి నవ్వలేదు. మెడ చాచి, బడిపిల్లాడిలా గొంతెత్తి చదివాడు.

"యేథే మిర్చీ, హళద్ దళూన్ మిళేల్."

మిరపకాయలు, పసుపు ఇక్కడ పట్టించి ఇస్తామని మరాఠీలో రాసి ఉంటుంది. అత్తమ్మకు మరాఠీయే కాదు, ఏ అక్షరమూ రాదు. ఆమె నా వైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు వాననీళ్ళో ఏవో తెలియలేదు.

"సరిగ్గనే చదివిండా బిడ్డా?"

"సరిగ్గనే చదివిండు అత్తమ్మా."

"కింద సన్న అచ్చరాలున్నయ్ గదా, గవి గూడ చదువుమను."

"సోమవారీ బంద్ రాహీల్" అని, సోమవారం మూసి ఉంటుందన్న ముక్క కూడా చదివాడు బాపు.

ఆమె మళ్ళీ నన్ను చూసింది. నేను తల ఊపాను. అప్పుడు అక్కడే తడి బెంచీ మీద కూలబడి, పది మందిలో ఉన్నానన్న ధ్యాస లేకుండా ఏడ్చింది. బాపు భుజం మీది తువాల తీసి ఆమె తల తుడుస్తూ, "నేను ముట్టలేదక్కా, అమ్మతోడు ముట్టలేదు" అన్నాడు.

"ఇయ్యాల ముట్టలేదు. రేపు ముట్టవని ఎవలు చెప్తరు నాకు?" అంది ఆమె.

మర్నాడు ఎండ కాసింది. అదే డబ్బాలోని స్పిరిట్‌తో కరిగించిన లక్కను ఒక ముక్క మీద పూసి ఎండలో పెడితే అద్దంలా ఆరింది. నీళ్ళూ లేవు, ఏమీ లేవు. వాన గాలి తేమకు కూడా లక్క తెల్లబడుతుంది. ఆ సంగతి అత్తమ్మకు తెలియనిదేమీ కాదు, ఎన్ని వానాకాలాలు చూసిందో. భయం వచ్చి మీద కూర్చుంటే తెలిసిన సంగతులు తెలియకుండా పోతాయి. నిజం తేలాక కూడా ఆమె డబ్బాను ఊరికే పెట్టలేదు. మోరీ దగ్గరికి తీసుకెళ్ళి మొత్తం వంపేసింది. ఆ రోజంతా గల్లీలో ఆ వాసనే.

పీటలు మాత్రం అలాగే ఉన్నాయి. స్పిరిట్ లేకపోతే లక్క కరగదు. లక్క లేకపోతే కొస నల్లబడుతుంది. పెళ్ళి దగ్గరపడుతోంది. బాపు అన్నాడు, "పీటకు ఎట్లాగు పసుపు పూస్తరు, ముగ్గు పెడుతరు. మీదికెల్లి పిల్ల, పిలగాడు కూసుంటరు. కొస ఎవలు చూస్తరక్కా?"

"నేను చూస్త" అంది ఆమె.

పీటలు కోయగా మిగిలిన టేకు ముక్కలన్నీ ముందేసుకుంది. రంగులో నీళ్ళు ఎక్కువ కలిపి చూసింది. కొస మామూలుగానే నల్లబడింది, ముఖం పాలిపోయింది. ముందు నూనె రాసి చూసింది. మచ్చలు మచ్చలుగా తేలింది. ఒక్కో ముక్క పాడైనప్పుడల్లా "అయిపోయింది, పీటలు గంగల కలిసినయ్" అని ప్రకటించి ఇంకో ముక్క అందుకునేది. తర్వాత ముఖాన్ని రుద్దిన దానికంటే సన్నటి ఉప్పుకాగితం తీసుకుని కొసను రుద్దడం మొదలుపెట్టింది. రుద్ది రుద్ది, తెరుచుకున్న ఆ నోళ్ళన్నీ మూసుకుని వేలికి గాజులా తగిలేదాకా రుద్దింది. నలుపు చాలా తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు.

అన్నం వారుస్తూ ఉండగా ఆమెకు తోచింది. గంజి పెడితే చీరకు మరక తొందరగా పట్టదు కదా అని ఒక ముక్కకు గంజి పూసింది. కొస బాగానే వచ్చింది, కానీ చీమలు పడతాయని మళ్ళీ కొత్త భయం. చివరికి బాపు సందులు అతికించే తెల్ల జిగురు తీసి, నీళ్ళలో గంజి కంటే పలుచగా కలిపి, కొసలకు రాసి ఆరబెట్టింది. ఆరాక పైపైన ఒక్కసారి రుద్ది, రంగు పూసి, గుడ్డతో వెంటనే తుడిచేసింది. గుమ్మం దగ్గరికి తెచ్చి వెలుతురులో తిప్పింది. ముఖమూ కొసా ఒకే రంగులో ఉన్నాయి.

"ఒక్కతీర్గున్నదా? అబద్ధం చెప్పకు."

"ఉంది అత్తమ్మా."

ఆమె నమ్మలేదు. బాపును అడిగింది. గిర్ని ఆయనను పిలిచి అడిగింది. అందరూ ఉందనే అన్నారు. "నాకైతే జర నల్లగనే కొడుతున్నది" అని గొణుక్కుంటూ పీటలకు అదే పద్ధతిలో రంగు వేసింది. రాజురా రైతు వచ్చి పీటలు పైన చూసి, మంచిగున్నయ్ అని ఎత్తుకోబోతే, ఆమె లాక్కుని పక్కకు తిప్పి కొసలు ఆయన కళ్ళ ముందు పెట్టింది. ఆయన పాపం ఏం చూడాలో తెలియక, "చెదలు గిట్ల పట్టిందా అక్కా?" అని అడిగాడు.

బోర్డు చదివించడం మాత్రం ఆ వానతో పోలేదు. స్పిరిట్ ఇంట్లో లేకపోతేనేం, ఊళ్ళో ఉంది కదా అని ఆమె బాధ. రోజూ బాపు ఇంటికి రాగానే గడప ముందు ఆగాలి, వెనక్కి తిరగాలి, గిర్ని బోర్డు పైకి చదవాలి. ఆమె లోపలినుంచే వినేది. కొద్ది రోజులకే బోర్డంతా ఆమెకు కంఠతా వచ్చింది, నన్ను అడిగే పని తప్పింది. మధ్యలో ఒక్క మాట తేడా వచ్చినా పట్టేసేది. ఒకసారి బాపు ఆట పట్టించడానికి మిర్చీ కంటే ముందు హళద్ అన్నాడు. లోపల గిన్నె కిందపడిన చప్పుడైంది. ఆమె బయటికొచ్చినప్పటి మొహం చూసి, బాపు ఇంకెప్పుడూ ఆ ఆట ఆడలేదు. చదవడం అయ్యాక ఆమె అనే మాట ఒకటే. "సరే, లోపటికి రా. కాళ్ళు కడుక్కో."

కొన్నేళ్ళకు దారూబందీ ఎత్తేశారు. దుకాణాలు మళ్ళీ తెరుస్తున్నారని తెలిసి గల్లీలో ఆడవాళ్ళు మండిపడ్డారు. అత్తమ్మ ఆ మాటల్లో కలవలేదు. నేను కోపంగా, "నీకు సంతోషంగా ఉందా ఏంది?" అని అడిగాను.

"తాగుడు మంచిదంటున్ననా బిడ్డా? కాదు" అంది. చేతిలో ఉన్న చెక్క కొసను రుద్దుతూనే ఉంది. "గా దుకాణంల మందైతే నాకు ఇంత టైం దొరుకుతది. తిట్టనీకి, రొట్టె పెట్టనీకి. గీ స్పిరిట్ అయితే గా టైం గూడ ఇయ్యదు."

ఆ మాట విన్నప్పుడు ఆమె మీద నాకు పుట్టిన ప్రేమను అప్పుడే చెప్పి ఉంటే, "ఏమైంది, ఒంట్లో బాగలేదా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. అందుకని చెప్పలేదు. ఆ టైంను ఆమె బాగానే వాడుకుంది. తిట్టింది, రొట్టె పెట్టింది. బాపు మానేశాడని చెప్పను, తగ్గించాడు. స్పిరిట్ మాత్రం మా గడప మళ్ళీ తొక్కలేదు. చివరిదాకా ఆమె జిగురు నీళ్ళతోనే కొసలు సరిచేసింది.

నిరుడు ఆమె జ్వరంతో పోయింది. పోయిన దగ్గర్నుంచి బాపు సాయంత్రం ఇంటికి వచ్చి, ఎప్పటిలాగే గడప ముందు ఆగి, తిరిగి, బోర్డు చదివేవాడు. లోపలినుంచి జవాబు ఉండదు కదా, నేనే "లోపటికి రా బాపు" అనేదాన్ని.

బల్లార్‌పూర్ నుంచి వచ్చిన మర్నాడు గిర్ని బోర్డు దించేశారు. గిర్ని ఆయన ముసలివాడై పని మానుకున్నాడు, ఆ గదిలో మొబైల్ దుకాణం పెట్టారు. ఎరుపు, నీలం దీపాలతో కొత్త బోర్డు. నేను వంటింట్లో రొట్టె చేస్తున్నాను. గడప దగ్గర చెప్పుల చప్పుడు, తర్వాత బాపు గొంతు వినపడింది.

"యేథే మిర్చీ, హళద్ దళూన్ మిళేల్. సోమవారీ బంద్ రాహీల్."

నా చెయ్యి పెనం మీదే ఆగిపోయింది. లేని బోర్డును ఈయన ఎలా చదివాడు? ఇన్నాళ్ళూ చూసి చదివాడా, కంఠతా అప్పజెప్పాడా? అసలు ఈయనకు కళ్ళు కనిపిస్తున్నాయా? ఈ మధ్య చిత్రిక పట్టేటప్పుడు చెక్కను దగ్గరగా పెట్టుకుంటున్నాడు కూడా. చేతికి పిండి అంటుకుని ఉండగానే బయటికి పరుగెత్తాను. గడ్డం పట్టుకోబోయి ఆగాను.

"బాపు, అక్కడ ఏం రాసుందో మళ్ళ చదువు."

ఆయన నన్ను వింతగా చూసి, ఎదురుగా తిరిగి, తడుముకోకుండా చదివాడు. "మొబైల్ రిపేరింగ్. రీచార్జ్. సెకండ్ హ్యాండ్ ఫోన్లు కొంటరు, అమ్ముతరు. కింద నంబర్ ఉన్నది, గది గూడ చదవాల్నా?"

"మరి ఇందాక గిర్ని బోర్డు ఎందుకు చదివినవు?"

బాపు చెప్పులు విడిచి గోడకు ఆనించి పెట్టాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"గీ కొత్తది చదివితె, సరిగ్గ చదివిన్నో లేదో మీ అత్తకెట్ల ఎరుకైతది బిడ్డా?"